దబ్బతొక్క ఆరిన చోటు

పాలు లేని చాయ్ చేయగలవా అని బోటు యజమాని అడిగింది మా వదినను. చేయగలదని వెంటనే జవాబిచ్చింది నేను. ఆ రోజు సోమవారం. ఆఫీసుకు వెళ్తూ ఫీనిక్స్ బే జెట్టీకి పోయే దారిలో మా వదిన బల్ల దగ్గర ఆగాను. ఒక బల్ల, ఒక గ్యాస్ పొయ్యి, పైన నీలం గొడుగు: అదే ఆమె దుకాణం. ఓడ టిక్కెట్ల వరసలో నిలబడేవారూ, కూలీలూ, బోటు సరంగులూ అక్కడే చాయ్ తాగుతారు. బోటు యజమాని కూడా రోజూ వచ్చేవాడు. ఈ దీవిలోనే పుట్టిన తెలుగువాడు, వయసులో మాకంటే చిన్నవాడు, యాత్రికులను చుట్టుపక్కల దీవులకు తిప్పి తెస్తాడు. ఆ వారం సముద్రం పోటు మీద ఉంది. అతని ముఖం అంతకంటే కల్లోలంగా ఉంది.

"దీదీ, సచ్ చెప్పనా? నీ చాయ్ తాగి ఎక్కినోళ్ళే ముందు కక్కుతున్నారు," అన్నాడు.

"నా టీ తప్పా, నీ బోటు ఊపు తప్పా భయ్యా?" అంది వదిన, గ్లాసులు కడుగుతూ తల ఎత్తకుండానే.

"రెండూ. బోటు నేను మార్చలేను. చాయ్ నువ్వు మార్చు."

ఆ తర్వాత అతను ఒక బేరం పెట్టాడు. వచ్చే ఆదివారం ప్రయాణంలో పాలు లేని చాయ్, నిమ్మకాయదో మరేదో, వదిన తన చేతులతో బోటులోనే పోయాలి. యాత్రికుల కడుపులు నిలిస్తే, ఇక మీదట రోజూ అతని బోటులో చాయ్ ఆమెదే. నిలవకపోతే, తన బంధువుల అమ్మాయి సోడా సీసాల పెట్టె పెట్టుకుంటానని అడుగుతోంది, ఆమెకు ఇచ్చేస్తాడు.

ఆ అవకాశం మా వదినకు ఎంత అవసరమో అతనికి తెలియదు. మా అన్నయ్యది చేపల వేట. జంగ్లీఘాట్‌లో వాళ్ళ ఇల్లు. వదిన శ్రీకాకుళం తీరం నుంచి పెళ్ళై వచ్చిన నాటి నుంచి పెరట్లో చేపలు ఎండబెట్టి అమ్ముతోంది. జెట్టీ దగ్గర చాయ్ బల్ల పొద్దుటి పూట మాత్రమే. ఇల్లు నడిచేది ఎండు చేపల మీదే. రెండేళ్ళుగా ఆమెకు దగ్గు. ఉప్పు, చేపల పొడి లోపలికి పోతున్నాయనీ, ఆ పని మానాలనీ డాక్టరు చెప్పాడు. మానమని చెప్పడం తేలిక. "సేపలు మానేత్తే మానేత్తాను. మరి తినేదేటో ఆ డాక్టరు బాబునే రాయమను," అని ఆమె ఆ చీటీ మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. ఆ చీటీ ఇంకా అక్కడే ఉంది. అందుకే, నన్ను ఎవరూ అడగకపోయినా, చేయగలదని చెప్పేశాను.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సామాన్ల గది లెక్కలు చూస్తాను. ఇంట్లో కూడా గ్యాస్ బండ పెట్టిన తేదీ, కుళాయి వచ్చిన రోజు, వాన కొలత రాసుకునే అలవాటు ఉంది. మా అన్నయ్య దానిని జబ్బు అంటాడు. ఆ సాయంత్రం డైరీలో తేదీ వేసి, కింద ఆదివారం వరకు మిగిలిన పూటలు రాసుకుని, వాటిని పనులకు పంచినప్పుడు మాత్రం ఆ జబ్బు ఇన్నాళ్ళకు ఒక ప్రయోజనం కోసమే నాకు వచ్చిందేమో అనిపించింది. 

మొదట బజారుకు వెళ్ళాం. నిమ్మ వాసన కలిపిన టీ పొట్లాలు మూడు రకాలు దొరికాయి. లంబాలైన్‌లో మా క్వార్టర్సు వంటగదిలో మూడింటినీ ఒకే కొలత నీటిలో, ఒకే సేపు నానబెట్టాను. మొదటిది నిమ్మ పిప్పరమెంటు బిళ్ళను వేడినీటిలో వేసినట్టు ఉంది. రెండవదానిలో నిమ్మ పెట్టె మీది బొమ్మకే పరిమితం. మూడవదాని మూత తీయగానే గది అంతా ఘుమఘుమలాడింది. కాని ఆ వాసన నాకు ఎక్కడో బాగా పరిచయం. వదిన ఒక గుక్క తాగి గ్లాసును సింకు వైపు జరిపింది.

"దీంతో గిన్నెలు తోముకోవొచ్చు," అంది.

నిజమే. గిన్నెలు తోమే సబ్బు వాసన. పొట్లాలకు అంతటితో స్వస్తి చెప్పి, ఆకు మనమే ఎంచుకోవాలి, పండు మనమే ఎంచుకోవాలి అని నిర్ణయించాం.

ఆకు విషయంలో మాకు గురువు మా కింది వాటాలోని బెంగాలీ మాసీ. ఉద్యోగ విరమణ చేసిన స్కూలు టీచరు. కలకత్తా ఓడ వచ్చినప్పుడల్లా ఆమెకు బంధువులు పొడవాటి టీ ఆకు పంపుతారు. కోసిన ప్లాస్టిక్ డ్రమ్ములో గంధరాజ్ నిమ్మ పెంచుతుంది. దాని కాయ కంటే ఆకుకే సువాసన ఎక్కువ. జీవితంలో చాయ్‌లో పాలు పోయలేదని గర్వంగా చెప్పుకుంటుంది. మేము జెట్టీలో వాడే టీ పొడి చూసి, అది పాలను భరించడానికి పుట్టిన పొడి అనీ, పాలు తీసేస్తే చేదు తప్ప ఏమీ మిగలదనీ హిందీలో తేల్చి చెప్పింది. మేమేమో తరతరాలుగా టీ పొడిని కషాయంలా మరిగించే జాతి. ఆకును మరిగించకూడదు, నీళ్ళు దించాక వేసి మూత పెట్టాలి, మూడు నిమిషాలకు వడకట్టాలి, నిమ్మరసం నిప్పును చూడకూడదు అని ఆమె చెప్తుంటే వదిన నమ్మలేనట్టు చూసింది.

"మరిగించకపోతే అది టీ ఏటి, కుడితి గాని," అని నా చెవిలో గొణిగింది. అయినా ఆమె చెప్పినట్టే చేసింది.

నీటి సంగతి మాత్రం నేను కనిపెట్టాను. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మాకు కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. అన్నయ్య ఇంటిది ఒడ్డుకు దగ్గర బావి. వానాకాలంలో రేకుల కింద డ్రమ్ములో పట్టిన నీళ్ళు అందరికీ ఉంటాయి. ఒకే ఆకుతో మూడు నీళ్ళలోనూ చాయ్ చేశాను. బావి నీటి చాయ్ మీద పలుచని తెట్టు కట్టింది, రంగు బురద. కుళాయి నీటిది ఫరవాలేదు. వాన నీటి చాయ్ గ్లాసులో రాగి చెంబులా మెరిసింది. అందులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండగానే ఆ రాగిరంగు మా కళ్ళ ముందే తేటపడి తేనెరంగుకు వచ్చింది. వదిన గ్లాసును కిటికీ వెలుగులోకి ఎత్తింది. ఇంకొకసారి చెయ్యమంది. ఇంకొకసారి చేశాను. ఇద్దరం, ఇంచుమించు యాభై ఏళ్ళ ఆడవాళ్ళం, రంగు మారడం చూడడానికే అలా అయిదు గ్లాసులు పాడు చేశాం.

ఇక పండు. బజారు నిమ్మకాయలు ఓడ మీద వచ్చేవే. ఓడ ఆలస్యమైతే అవి గోలీల్లా ఎండి ఉంటాయి. రోజూ బోటుకు పోయవలసిన చాయ్ ఓడ దయ మీద ఆధారపడితే ఎలా? అప్పుడు వదినకు వాళ్ళ వంటింటి వెనుక దబ్బ చెట్టు గుర్తుకొచ్చింది. పిల్లవాడి తలకాయంత కాయలు. ఊరగాయకూ పులిహోరకూ పోను నేల రాలిపోయేవి. దాని తొక్కను గోటితో గిల్లితే చాలు, వేళ్ళకు నూనె అంటి పూట పొడుగునా గుబాళిస్తుంది. లోపలి తెల్ల దూది మాత్రం చేదు. దానిని పూర్తిగా గీకేసి పైతొక్కను మాత్రమే వాడాలని రెండవ ప్రయత్నంలో తెలిసింది. ఆ తొక్కను సన్నగా తరిగి ఎండబెట్టి డబ్బాలో పెట్టుకుంటే ఓడ వచ్చినా రాకపోయినా దిగులు లేదు. ఈ ఆలోచన వదినదే. ఎండబెట్టడంలో ఆమెను మించినవారు ఈ పట్నంలో ఎవరున్నారు?

రెండు రోజులు ఎండ కాసింది. గురువారం సాయంత్రం వదిన స్టీలు డబ్బాతో మా ఇంటికి వచ్చింది. అన్నయ్య కూడా వెంట వచ్చాడు. ఎండిన దబ్బతొక్క, చిటికెడు అల్లం, మాసీ ఇచ్చిన టీ ఆకు, వాన నీళ్ళు. మూత తీయగానే వచ్చిన ఆవిరికి ముగ్గురం గిన్నె మీదికి వంగాం. పాలు లేని చాయ్‌ను మందు అనే అన్నయ్య రెండవ గ్లాసు అడిగాడు. నేను డైరీలో "ఇదే" అని రాసి కింద గీత కూడా గీశాను. నా అక్షరాలు సాధారణంగా వంకర పోవు. ఆ రెండు అక్షరాలూ పోయాయి.

ఆ ఉత్సాహంలోనే ఒక గ్లాసు పట్టుకుని ముగ్గురం కింది వాటాకు దిగాం. మాసీ ఆవిరిని పీల్చింది. ఒక గుక్క తాగింది. మళ్ళీ పీల్చింది. ఆ తర్వాత, ఎవరినీ నొప్పించకూడదని పిల్లల నోటు పుస్తకాలు దిద్దేవాళ్ళు మాట్లాడే మెత్తని గొంతుతో అడిగింది:

"ఇస్ మే మఛ్లీ హై క్యా?"

చాయ్‌లో చేప ఉందా అని. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. ఎండు నెత్తళ్ళ వాసన వస్తోందనీ, దబ్బ వాసన కింద దాక్కుని ఉందనీ, మింగిన తర్వాత పైకి వస్తోందనీ చెప్పింది. నేను గ్లాసు తీసుకుని మళ్ళీ తాగాను. నాకు ఏమీ తెలియలేదు. అన్నయ్యకూ తెలియలేదు. తెలియదు కదా. మా ముగ్గురిలో ఇద్దరం ఎండు చేపల పెరట్లోనే నడక నేర్చుకున్నాం. మూడవ ఆమె ఆ పెరట్లోనే సగం జీవితం గడిపింది. మా ముక్కులకు అది వాసన కాదు, గాలి.

మెట్ల మీదే విషయం బయటపడింది. తొక్క ఎక్కడ ఎండబెట్టావని అడిగితే, ఇంకెక్కడ, టార్పాలిన్ మీదే అంది వదిన. నెత్తళ్ళు ఆరబోసే టార్పాలిన్. శుభ్రంగా కడిగిందట, రెండుసార్లు. పెరట్లో ఏది ఆరబెట్టినా దాని మీదే ఆరబెట్టే అలవాటు: చేపలు, మిరపకాయలు, వడియాలు, ఇప్పుడు దబ్బతొక్క. ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ ఏ తేడా కనిపెట్టలేదు.

టార్పాలిన్‌దే తప్పని నేను వెంటనే అన్నాను. వదిన మా వంటగదిలోకి వచ్చి, సబ్బుతో చేతులు కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగింది.

"టార్పాలిన్ కాదేమోనే అమ్మీ. నా సేతులకే ఉందేమో ఆ వోసన," అంది. "సేతులు మార్సుకోలేను గదా."

నేను ఆమెను ఓదార్చడానికి ప్రయత్నించలేదు. ఓదార్పు నాకు చేతకాదు. లెక్క చేతనవును. శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టాను. అది విని మా పై అధికారి నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. అన్నయ్య చేత అరడజను దబ్బకాయలు తెప్పించి, టార్పాలిన్ అంచు నుంచి ఒక ముక్క కత్తిరించి తెమ్మన్నాను. మా బాల్కనీలో తొక్కను మూడు భాగాలు చేశాం. ఒకటి వదిన చేతులతో తరిగి, బట్టలారేసే తాడుకు దారం కట్టి వేలాడదీసింది. ఒకటి నేను తరిగి అదే తాడుకు వేలాడదీశాను. మూడవది నేనే తరిగి టార్పాలిన్ ముక్క మీద పరిచాను. తప్పు చేతులదైతే మొదటిది చెప్తుంది. టార్పాలిన్‌దైతే మూడవది చెప్తుంది. ఎండ దోబూచులాడుతుంటే టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టాను. పక్కనే ఎయిర్‌పోర్టు. విమానం దిగిన ప్రతిసారీ కిటికీ అద్దాలు అదిరాయి, తాడు మీద తొక్కలు కూడా వణికాయి. మేమిద్దరం వాటిని మార్చి మార్చి తిప్పుతూ, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు చూస్తూ, అన్నం కూడా సరిగా తినకుండా ఆ పగలు గడిపాం. అంత బాగా గడిచిన సెలవు నాకు గుర్తు లేదు.

సాయంత్రానికి తొక్క సరిపడా ఆరింది. మూడు చాయ్‌లు చేసి, గ్లాసుల అడుగున గుర్తులు అంటించి, మాసీని పైకి పిలిచాను. ఏది ఏదో ఆమెకు చెప్పలేదు. వదిన మాసీకి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. చేతులు రెండూ చీర కొంగు కింద దాచుకుంది.

మాసీ మొదటి గ్లాసు తాగింది. తల ఊపింది. రెండవది తాగింది. తల ఊపింది. మూడవది నోటి దాకా తీసుకుని, తాగకుండానే కింద పెట్టింది.

నేను గ్లాసు ఎత్తి అడుగు చూశాను. టార్పాలిన్.

అప్పుడు గ్లాసులు మూడూ ఎత్తి గుర్తులు చూపించాను. వదిన మొదటి గ్లాసు గుర్తును చాలాసేపు చూసింది. చదువు వచ్చినా, నన్ను చదివి చెప్పమంది. చెప్పాను: వదిన చేతులు. ఆమె కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి మాసీ ముఖం ముందు చాచింది. మాసీ ఆ చేతిని పట్టుకుని, అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, "నింబూ" అంది. అంతే. వదిన ముసిముసిగా మొదలుపెట్టి పెద్దగా నవ్వింది, నవ్వు దగ్గులోకి పోయింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది.

శనివారం మాకు ఒకే ఒక తగవు. ఆదివారానికి రెండు ఫ్లాస్కులు సిద్ధం చేయాలనుకున్నాం. ఒకటి నాది: గంధరాజ్ ఆకు చేత్తో చించి వేసినది, సువాసనలో రాణి. మరొకటి వదినది: దబ్బతొక్క, అల్లం, అందులో కళ్ళుప్పు. చాయ్‌లో ఉప్పు వేయడమేమిటని నేను అడ్డుకున్నాను.

"సముద్రం ఎక్కినోడికి ఉప్పే కావాల్ల. నీకేటి తెలుసు, కుర్సీ మీద కూకుంటావు," అంది.

వడకట్టిన చాయ్ మాత్రమే ఫ్లాస్కులో పోయాలనీ, రసం వేరే సీసాలో తీసుకెళ్ళి పోసే ముందు కలపాలనీ నేను పట్టుబట్టాను. ముందే కలిపితే గంట తిరిగేసరికి రసం ఉడికిన రుచి వస్తుంది. అది కూడా పరీక్షించే తెలుసుకున్నాను. ఫ్లాస్కులు రెండూ కొత్తవి. పాత వాటి మూతలకు పాల వాసన పోలేదు. ఈ వారంలో వాసనల విషయంలో నాకు ఎవరి మీదా నమ్మకం లేదు, నా ముక్కు మీద అసలే లేదు.

ఆదివారం పొద్దున బోటు నిండింది. రేవు దాటే దాకా నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నా గంధరాజ్ చాయ్‌కు గొప్ప గౌరవం దక్కింది. ఎక్కడ దొరుకుతుంది, ఏ కంపెనీ అని అడిగారు. నేను వదిన వైపు చూసి కొంచెం ఎక్కువగానే నవ్వి ఉంటాను. తరువాత చాతం దీవి వెనుకబడి, బయటి సముద్రం తగిలింది. బోటు ముక్కు లేచి పడడం మొదలైంది. మాటలు తగ్గాయి. నా ఫ్లాస్కు మూత తీయగానే ఒకావిడ ముఖం తిప్పుకుంది. అంత సువాసన ఆ ఊపులో ఎవరికీ అక్కర్లేదు. నేను మూత బిగించాను.

అప్పుడు వదిన లేచింది. పడవల్లో పెరిగిన మనిషి. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, మోకాళ్ళు వదులు చేసి, సగం గ్లాసులు పోస్తూ వరస వెంట నడిచింది. ఆగి ఆగి తాగమని, ఒక్కసారిగా మింగవద్దని తనకు వచ్చిన హిందీలో చెప్పింది. ముఖం తిప్పుకున్న ఆవిడే మొదట తాగింది. కొంచెం సేపటికి గ్లాసు మళ్ళీ చాచింది. వెనుక వరసలో ఒక పెద్దాయన మాత్రం వాంతికి సంచీ అడిగాడు.  చుక్కాని దగ్గర నుంచి బోటు యజమాని మెడ తిప్పి చూశాడు.

"ఆయన జెట్టీలో పూరీలు తిన్నాడు, నేను చూశాను. అది పూరీల తప్పు. చాయ్‌ది కాదు," అన్నాడు.

ఆ పెద్దాయన తర్వాత ఇంకెవరూ సంచీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో వదిన ఫ్లాస్కు దాదాపు ఖాళీ. నాది సగం నిండుగా ఉంది. బోటు కట్టేశాక యజమాని వదిన ఫ్లాస్కులో అడుగున మిగిలినది తానే వంచుకుని తాగాడు.

"దీదీ, రేపటి నుంచి ఉప్పుది. ఆ సెంటు చాయ్ వద్దు," అన్నాడు.

సెంటు చాయ్ నాది. అంత ఆనందంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు. జెట్టీ మీద, అందరూ చూస్తుండగా, వదిన భుజం పట్టుకుని ఊపేశాను. ఆమె మాత్రం తాపీగా గ్లాసులు లెక్కపెట్టుకుని, ఒకటి తక్కువైందని బోటులోకి తిరిగి వెళ్ళింది.

ఆ వారంలోనే మిగిలిన నెత్తళ్ళు అమ్మేసి, టార్పాలిన్‌ను మడిచి అన్నయ్య పడవ ఇంజను మీద కప్పడానికి ఇచ్చేసింది. అంచున చిన్న ముక్క లేని ఆ టార్పాలిన్ ఇప్పుడు సముద్రం మీద తిరుగుతోంది. దబ్బతొక్క మా బాల్కనీలో ఆరుతుంది. మా చీరలు మెట్ల కమ్మీకి మారాయి. వదిన రెండు రోజులకు ఒకసారి వచ్చి, ఆరిన తొక్కను పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. బాగుందని తనకు అనిపించినా నమ్మదు. బాల్కనీ మీద నుంచి వంగి, ఆ పిడికెడును ఒక బుట్టలో వేసి తాడుతో కింది వాటాకు దించుతుంది. మాసీ వాసన చూసి సరే అన్న తర్వాతే డబ్బా మూత పడుతుంది.